హనుమక్క ఆటలోకి వచ్చినప్పుడు

2002వ సంవత్సరం. వరుసగా రెండో ఏడు వాన ముఖం చాటేసింది. అనంతపురం జిల్లా తనకల్లు చుట్టుపక్కల వేరుశనగ ఊడలు దిగకుండానే ఎండిపోయింది. నేను బెంగళూరులో నృత్యం నేర్చుకుని, ఆ పల్లెల్లో తిరిగే ఒక చిన్న బృందంలో పనిచేస్తున్నాను. మాది కాంటెంపరరీ డాన్స్. గజ్జెలుండవు, ముద్రలుండవు, మనుషులు రోజూ చేసే పనులే ఆటవుతాయి. చూసేవాళ్లనూ అందులోకి పిలుస్తాం. ఒకరి కదలికను ఎదుటివారు అద్దంలోలా చేయడాన్ని మిర్రరింగ్ అంటాం.

ఒక ఊళ్లో బడి ముందర వారంపాటు సాయంత్రాలు ఆడాం. ఆడవాళ్లంతా ఒకచోట కూర్చుంటే, హనుమక్క మాత్రం ప్రహరీ పక్కన విడిగా నిలబడేది. ఆ ఎండాకాలమే ఆమె భర్త పురుగుల మందు తాగి చనిపోయాడు. ఆమె ఎదురైతే మంచిది కాదని అందరూ పక్కకు తప్పుకునేవారు. ఇంట్లో మంచం పట్టిన అత్త తప్ప ఆమెతో మాట్లాడే మనిషి లేదు.

ఒకరోజు నేనే దగ్గరకు వెళ్లాను. "రా అక్కా, నీకొచ్చిన పని ఏదైనా చేసి చూపించు. మేమూ చేస్తాం."

"నేను చేస్తే ఎవురు చేస్తారు మ్మా? నా మొగమే చూడరు."

అయినా వచ్చింది. వంగి వేరుశనగ చెట్టు పెరికి, మన్ను దులిపి, కాయలు తెంచి ఒళ్లో వేసుకున్నట్టు చేసింది. ఎదురుగా నేనూ చేశాను. కాసేపటికి లక్ష్మక్క అనే పెద్దామె లేచింది.

"అట్ల కాదు మే, మన్ను బాగా దులపల్ల," అంటూ వచ్చి పక్కన నిలబడింది.

ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చారు. ఆ ఏడు ఎవరి చేలోనూ లేని కాయల్ని ఒళ్లో నింపుకున్నారు. హనుమక్క ఉన్నట్టుండి ఏడ్చేసింది. లక్ష్మక్క తన కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

మేము బయలుదేరే నాటికి వాళ్లంతా హనుమక్క అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. అంత సంతోషం నాకు ఏ చప్పట్లలోనూ దొరకలేదు.

చలికాలంలో మళ్లీ వెళ్లాను. సగం ఇళ్లకు తాళాలు. లక్ష్మక్కతో సహా ఆటలో కలిసిన ఆడవాళ్లంతా కూలికి బెంగళూరు పోయారు. అత్తను వదల్లేక హనుమక్క ఒక్కతే ఉండిపోయింది.

"ఆడుదామా అక్కా?" అన్నాను.

"ఎవురితో ఆడేది? ఈడ ఎవురుండారు?" అంది. మళ్లీ తనే, "ముందు ఒంటిగా ఉండేది అలవాటయిపోయిండె మ్మా. మీరొచ్చి మాన్పించినారు. ఇప్పుడు మళ్లా నేర్చుకోవల్ల."

అత్త పిలిస్తే లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

ఆ తర్వాత చాలా ఊళ్లలో ఆడాను. మనుషుల్ని దగ్గర చేసే శక్తి మా ఆటకుందని ఇప్పటికీ నమ్ముతాను. దగ్గరైనవాళ్లను ఊళ్లో నిలబెట్టే శక్తి మాత్రం దానికి లేదు. ఆ సంగతి తెలిశాక, విడిగా నిలబడ్డ మనిషిని చేయిపట్టి పిలవబోయిన ప్రతిసారీ నా చేయి వెనకాడుతుంది.