నలభయ్యో పేజీలో పట్టని పేరు

ఫిట్టర్ పేరును చివరి రిపోర్టులోంచి కొట్టేసింది పండితుడే. కోపంతో కాదు, కుట్రతో అసలే కాదు. రిపోర్టు నలభై పేజీలు దాటకూడదని ప్రభుత్వం నియమం పెట్టింది. ఇతను రాసింది ఒక్క లైను దాటింది. ఆ లైనులో ఉన్నది ఫిట్టర్ పేరు. తన విశేషణాల్లో రెండు తీసేసినా చోటు మిగిలేది. కానీ విశేషణాలంటే పండితుడికి పంచప్రాణాలు.

నిజానికి అతను పండితుడేమీ కాదు. చదువు మధ్యలో ఆగిపోతే, పాత పుస్తకాల కొట్లో నిలబడి కొనకుండా చదివి, ఆ ధైర్యంతో లాబ్‌లో తాత్కాలిక అసిస్టెంటుగా చేరాడు. లోకం తనని గుర్తించడం లేదని రోజుకు మూడుసార్లు మండిపడేవాడు. పండితుడన్న బిరుదు ఇచ్చింది ఫిట్టరే.

చేతుల్లో పట్టు లేనివాళ్ళకి గిన్నె అందించే మరచెయ్యి తయారుచేయడం ఆ లాబ్ పని. ఖర్చు జనం కట్టిన పన్నులది. మరచేతికి కళ్ళు రెండు కెమెరాలు. అవి వస్తువు ఎత్తూ లోతూ కొలిచి చేతికి చెబుతాయి. చెక్క గిన్నె, ప్లాస్టిక్ గిన్నె బాగానే కనిపించేవి. స్టీలు గిన్నె పెడితే మాత్రం ఆ మెరుపుకి కెమెరాలు బెదిరిపోయేవి. చెయ్యి పక్కనున్న గాలిని పట్టుకుని, ఎంతో మర్యాదగా ఎత్తి అందించేది.

ప్రభుత్వ కమిటీ పరీక్షించడానికి వచ్చే పొద్దున కూడా అదే తంతు. స్టీలు గిన్నె ఎత్తకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది, అందరి ఉద్యోగాలూ పోతాయి. లాబ్ నడిపే మేడమ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పండితుడు కాంతి స్వభావం మీద తను చదివిందంతా ఆవిడకి వినిపిస్తున్నాడు.

"కాస్త ఊపిరి పీల్చుకో పండితుడా," అన్నాడు ఫిట్టర్. "మెరుపేగా దాని బాధ? మెరుపు తీసేద్దాం."

సంచిలోంచి ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తీశాడు.

"ఇదెక్కడిది బాబాయ్?"

"మీ పిన్నిది. చెప్పకుండా పట్టుకొచ్చా."

గిన్నె మీద 'హా' అని నోటి ఆవిరి ఊది, ఆ తడి ఆరకముందే పౌడర్ చల్లి దులిపాడు. చెయ్యి గిన్నెనెత్తింది. కమిటీ చప్పట్లు కొట్టింది. పౌడర్ పూసిన గిన్నెలో ఎవరు తింటారని ఒక్కరూ అడగలేదు.

పండితుడు దానికి 'ఉపరితల పూర్వసంస్కరణ విధానం' అని పేరు పెట్టి రెండు పేజీలు రాశాడు. నోటితో ఊదడం శాస్త్రీయంగా లేదని వదిలేశాడు. ఆ తర్వాతే ఆఖరి లైను కొట్టేశాడు.

ప్రాజెక్టు రెండో విడతకి ఉద్యోగుల జాబితాను ఆ ఆఖరి పేజీ చూసే తయారుచేశారు. పదకొండేళ్ళు అక్కడ మరలు బిగించిన మనిషి అందులో లేడు. పండితుడున్నాడు. నిజం చెప్పేద్దామని మేడమ్ గది దాకా రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ తలుపు మీద బోర్డు చదివి వచ్చేశాడు. చదవడం అతనికి అలవాటు కదా.

మూడు నెలలు తిరిగేసరికి, ఫిట్టర్ పూసి వెళ్ళిన పౌడర్ రాలిపోయి, చెయ్యి మళ్ళీ గాలిని ఎత్తడం మొదలెట్టింది. కొత్తగా ఎంత చల్లినా జారిపోతోంది. మేడమ్ పండితుణ్ణి పిలిచి, నువ్వు రాసిన విధానమేగా, నువ్వే సరిచెయ్యి అంది. దాంతో అతను ఫిట్టర్ని వెతుక్కుంటూ ఒక ఆసుపత్రి వెనక షెడ్డుకి వెళ్ళాడు. ఫిట్టర్ అక్కడ చక్రాల కుర్చీలు బాగుచేస్తున్నాడు. వాళ్ళు కలవడం అదే ఆఖరు.

"ఊదారా?" అన్నాడు ఫిట్టర్, అంతా విని.

"లేదు బాబాయ్."

"నువ్వు రాయలేదా?"

"రాయలేదు. నీ పేరు కొట్టేసింది కూడా నేనే."

"తెలుసు. మేడమ్ నాకూ ఒక కాపీ ఇచ్చింది." ఫిట్టర్ చక్రాన్ని ఒకసారి తిప్పి, చెవి దగ్గరపెట్టి విన్నాడు. "ముందు ఊదాలి. తడి ఉంటేనే పౌడర్ అంటుకునేది. వెళ్ళి ఊదుకోండి."

పండితుడు కదల్లేదు.

"ఆ ఉపరితలం ఏదో రాశావే," అన్నాడు ఫిట్టర్, "అది మీ పిన్ని ముప్పై ఏళ్ళుగా అద్దం ముందు చేస్తోంది. నా పేరుకి చోటు లేకపోతే పోయింది. ఆ డబ్బా ఆవిడదని ఒక్క ముక్క రాయాల్సింది. ఇంట్లో నేనింకా దొంగనే."