నాయనమ్మ టీవీ మీద గుడ్డ కప్పని రోజులు

మా చిన్నప్పుడు... ఖాజాగూడలో మా ఇంట్లో సాయంత్రం ఏడింటికి టీవీ మీది పూల గుడ్డ తీసేవారు. ఆ పని నాయనమ్మదే. ఇంకెవరు ముట్టుకున్నా చేతి మీద ఒక్కటిచ్చేది. వార్తలు అవగానే మళ్లీ గుడ్డ కప్పేసి, "అయిపోయినయ్, ఇగ బువ్వ తిందాం రాండ్రి" అనేది. నిజంగానే అయిపోయేవి అప్పుడు వార్తలు...

తర్వాత కేబుల్లో ఇరవై నాలుగు గంటల వార్తలొచ్చాయి. పళ్లు తోముకునేటప్పుడూ వార్తలే, పడుకునేటప్పుడూ వార్తలే. అబద్ధమెందుకు, మొదట్లో మాకూ సరదాగానే ఉండేది. పక్కింట్లో గొడవ చూసినట్టు నోరు తెరుచుకుని చూసేవాళ్లం.

ఒకరోజు అందులో మా చిన్నాయిన ముఖం కనిపించింది.

మా నాన్న తమ్ముడు యాదగిరి చిన్నాయిన గచ్చిబౌలిలో ఒక కొత్త అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. అక్కడ ఒక ఫ్లాట్‌లో నగలు కనబడటం లేదని పోలీసులు ఆయన్ని అడగడానికి తీసుకెళ్లారు. స్టేషన్ మెట్ల దగ్గర ఎవడో కెమెరా పట్టాడు. ఇక చూడండి... ముఖం చుట్టూ ఎర్ర సున్నా, కింద "కాపలాదారే దొంగా?" అని ఇంతింత అక్షరాలు. ఆ మూడు మెట్లే మా చిన్నాయినతో పొద్దంతా మళ్లీ మళ్లీ ఎక్కించారు. అదే తువ్వాలు, అదే బిత్తరచూపు. మా గల్లీ గల్లీ అంతా చూసింది.

మర్నాడు ఆ నగలు ఆ ఫ్లాట్‌వాళ్ల బీరువాలోనే, చీర మడతల్లో దొరికాయి. చిన్నాయిన ఇంటికొచ్చేశాడు. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఒక్క కెమెరా రాలేదు! రోజంతా నోరు మూయని ఛానెల్‌కి ఒక్క లైను బరువైపోయింది. ఎవరో హీరోయిన్ పెళ్లి చీర చూపిస్తూ కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

నాయనమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఎవరైనా కట్టేయబోతే, "ఉండుండ్రి, ఇప్పుడు చెప్తరు. తప్పు చెప్పినోళ్లు దిద్దుకోరా?" అనేది. అలా ఎనిమిది రోజులు...

తొమ్మిదో రోజు కేబుల్ సత్తయ్య వైరు సరిచేయడానికి వచ్చాడు. నాయనమ్మ లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, ఈ వైరు వాళ్ల దాకా పోతది గద... మా యాదగిరి దొంగ గాదని జర గిందుల పంపు."

సత్తయ్య తల దించుకున్నాడు. "ఇటుకెళ్లి ఏం పోదు పెద్దమ్మా... అటుకెళ్లి వచ్చుడే."

నాయనమ్మ వచ్చి గుడ్డ కప్పేసింది. మళ్లీ తన చేత్తో తీయలేదు.

చిన్నాయినకు వాచ్‌మన్ పని మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ గుర్తుపట్టకూడదని గడ్డం పెంచుకున్నాడు.

నిన్న మా ఆఫీసు క్యాంటీన్ టీవీలో ఇంకెవరిదో ముఖం, చుట్టూ అదే ఎర్ర సున్నా. మా టీమ్ అబ్బాయి దోసె తుంచుకుంటూ, "వీడే అయ్యుంటాడు, మొహం చూస్తేనే తెలుస్తోంది" అన్నాడు. రిమోట్ లాక్కుని కట్టేశాను. అందరూ నన్ను వింతగా చూశారు. చూడనీ!

వార్తలు అయిపోయే రోజులు మీ ఇంట్లోనూ ఉండేవా? టీవీ మీద గుడ్డ ఎవరు కప్పేవాళ్లు? కింద రాయండి, చదువుకుంటాను...

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. చిన్నాయిన గడ్డం తెల్లబడింది. ఆ ఒక్క లైను ఇంకా రాలేదు.