పెండ్లాం రక్తం

ఒంట్లో పారే రక్తానికి వావివరసలు తెలుస్తాయని మీరూ నమ్ముతున్నారా? ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర, కోదాడలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతూ, సెలవొస్తే మిర్యాలగూడ దాకా ఊళ్ళమీద పడి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు దంచే నాకు, ఒక్క మేక గుండె కోసి చూపిస్తే లోకం మారిపోతుందని గట్టి నమ్మకం (నా మూఢనమ్మకం అదొక్కటే). రక్తం ఊపిరితిత్తులకు పోయి గాలి నింపుకుని గుండెకొస్తుంది, గుండె దాన్ని ఒళ్ళంతా తోస్తుంది, అది మళ్ళీ తిరిగొస్తుంది, మేకకైనా మనిషికైనా ఇదే తీరు అని నేరేడుచర్లలో మా అక్క అత్తగారింటి అరుగు మీద కూడా చెప్పాను.

ఆ వానాకాలమే మా బావ రైసుమిల్లు దగ్గర ట్రాక్టరు కింద పడ్డాడు. తొడ నలిగింది. తువ్వాలు బిగించి కట్టి సూర్యాపేట దవాఖానకు తెచ్చేసరికి మనిషి సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. వెంటనే రక్తం ఎక్కించకపోతే దక్కడన్నాడు డాక్టరు. పరీక్ష చేస్తే నాది కలవలేదు, అక్క అత్తగారిదీ కలవలేదు. అక్కది కలిసింది. అత్తగారు తలుపుకు అడ్డం నిలబడింది.

"పెండ్లాం రక్తం మొగనికెక్కిస్తే ఇద్దరిదీ ఒక్క రక్తమైతది. అన్నాచెల్లెండ్లైతరు! ఇగ కాపురమేడిది?"

నేను గొంతు సవరించుకున్నాను. "అత్తమ్మా, రక్తానికి వరస ఉండదు. గుండె నుంచి..."

"సాల్తియ్! మేకకూ మనిషికీ ఒక్కతీరే అన్నవ్ గద? మేక రక్తమే ఎక్కియ్యమను!"

(అన్ని సభల్లోనూ నా నోరు మూయించింది ఆమె ఒక్కతే.) తిరిగే తీరు ఒకటైనా రక్తం ఒకటి కాదని, మేకది ఎక్కిస్తే ప్రాణమే పోతుందని చెప్పబోతుండగా, లోపల బావ మూలుగు ఆగిపోయింది. అక్క అత్తగారి చెయ్యి పట్టి పక్కకు లాగింది.

"అన్నైతే అన్నే అయితడు, అత్తమ్మా! ముందుగాల బతకనియ్యి!"

బావ బతికాడు. కాలు దక్కలేదు. ఇంటికొచ్చాక అత్తగారు వాళ్ళిద్దరి మంచాల మధ్య చాలా రోజులు తన మంచం వేసుకుంది. రాఖీ పున్నమినాడు నాకు కట్టడానికి అక్క తెచ్చిన దారం చూసి, అది తన కొడుక్కేమోనని అత్తగారు బెదిరిపోతే, బావ మంచంలోంచే, "కట్టనియ్యే అమ్మా, కాలు వొయినా చెయ్యన్న ఉంది గద," అన్నాడు. అందరం నవ్వాం. అక్క నవ్వుతూనే ఏడ్చింది.

మేక గుండె పట్టుకుని ఊరూరా తిరిగిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. మీరు నవ్వింది చాలు. మీ ఇంట్లో ఎవరో ఒకరు రక్తం పోయి తెల్లబడేదాకా ఆగకండి. లేవండి, దగ్గరి దవాఖానకు వెళ్ళి రక్తం ఇవ్వండి.