టీచరమ్మ జాజి

హుస్సేనీ ఆలంలో మా గల్లీకి ఎవరొచ్చినా ముందు కనపడేది ఒక సన్నజాజి తీగ. దాన్ని అందరూ టీచరమ్మ జాజి అంటారు. ఆ టీచరమ్మను నేనే. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా తల దించుకుంటాను. నాకు మొహమాటం ఎక్కువని జనం అనుకుంటారు. అనుకోనిచ్చాను. ఇన్నేళ్లూ ఆ మొహమాటం చాటునే దాక్కుని, లోపల ఒక బరువు మోస్తూ వచ్చాను. ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

ముందు సుగుణక్క గురించి చెప్పాలి. అసలు సంగతి దాటవేస్తున్నానా? కొంత అదీ ఉంది. కానీ ఆమె ఎలాంటి మనిషో తెలియకపోతే నేను చేసింది ఎంతటిదో మీకు అర్థం కాదు.

మాది కోస్తా వైపు. మా ఆయన ఆఫీసు ఉద్యోగం, నా బడి ఉద్యోగం మమ్మల్ని ఈ గల్లీకి తెచ్చాయి. మా గోడను ఆనుకున్న ఇల్లు సుగుణక్కది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్. వాళ్ల ఇల్లు మాకంటే చిన్నది, పాతది. అయినా చూపు దాని మీద నుంచి మళ్లేది కాదు. ఏటా దసరా ముందు ఆమే చీర కుచ్చిళ్లు దోపుకుని గోడలకు సున్నం వేసేది. నీలిమందు ఎంత కలిపేదో గానీ, ఆరాక ఆ గోడ ఉతికి ఎండలో ఆరేసిన పంచెలా ఉండేది. పాత సామాను అంగట్లో పడేసిన కిటికీ ఇనుప జాలీలు ఏరి తెచ్చి ఇంటి ముందు కంచె కట్టించింది. ఒకదాని మీద పువ్వులు, ఒకదాని మీద నెమలి, ఇంకోదాని మీద ఉత్త గీతలు. అన్నిటికీ ఒకే ఆకుపచ్చ రంగు వేసేసరికి, పనిగట్టుకుని అలాగే చేయించినట్టు కుదిరిపోయాయి. నాకైతే అలాంటి ఆలోచన ఏడు జన్మలెత్తినా రాదు.

కంచె మొదట్లో ఒక పాదు, దాని చుట్టూ సిమెంటు గట్టు. లాడ్ బజార్‌లో గాజుల కొట్లో పనిచేసే ఆమె తమ్ముడు విరిగిన గాజు ముక్కలు తెచ్చిస్తే, పచ్చి సిమెంటులో ఒక్కొక్కటే గుచ్చింది. పొద్దుటి ఎండ వాటి మీద పడుతుంటే, బడికి ఆలస్యమవుతున్నా సరే ఆగి చూసేదాన్ని. ఆ పాదులోదే సన్నజాజి. ధూల్‌పేట్‌లో వాళ్లమ్మ పెంచిన తీగ నుంచి కొమ్మ తెచ్చి నాటుకుంది. తర్వాత వాళ్లమ్మ పోయింది, ఆ ఇల్లూ చేతులు మారింది, అక్కడి తీగను కొట్టేశారు. వాళ్లమ్మదంటూ ఆమెకు మిగిలింది ఇదొక్కటే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

మా ఇంటి ముందు ఏముండేది? బోసి గోడ, చెప్పుల కుప్ప. సుగుణక్క వాకిలిని ఎంత మెచ్చుకునేదాన్నో అంత కుళ్లుకునేదాన్ని. చివరికి పట్టుబట్టి నల్లరాతి మెట్లు, పక్కనే ఒక అరుగు కట్టించుకున్నాను. అద్దంలా మెరుస్తుంటే రోజూ తడిగుడ్డతో తుడుచుకుని మురిసిపోయేదాన్ని.

అవి కట్టించిన కొన్నాళ్లకే మంచినీళ్ల పైపు వేసేవాళ్లు వచ్చారు. సుగుణక్క, ఆమె భర్త ఊళ్లో లేరు, ఆడబిడ్డ ఇంట్లో పెళ్లికి వెళ్లారు. గల్లీ పొడుగునా పైపు వేస్తూ వచ్చి మా రెండిళ్ల దగ్గర ఆగారు. అక్కడ వాల్వు కోసం పెద్ద గుంత తవ్వాలట. మేస్త్రీ నన్నే అడిగాడు. "మేడమ్, ఈ మెట్లు పలగ్గొట్టాల్నా, గా చెట్టు దిక్కు తవ్వాల్నా? మాకు ఏదైనా ఒక్కటే."

ఆమె వచ్చేదాకా ఆగమనొచ్చు. మెట్లు పోతే మళ్లీ కట్టించుకోవచ్చు, తీగ పోతే రాదని నా బళ్లో ఒకటో తరగతి పిల్ల కూడా చెబుతుంది. నేనేమో చెయ్యెత్తి, వేలితో తీగను చూపించాను. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. గడ్డపార చప్పుడు వినపడకుండా మిక్సీ వేశాను. అందులో రుబ్బడానికి ఏమీ లేదు.

పెళ్లి నుంచి వచ్చిన సుగుణక్క గుంత దగ్గర నిలబడిపోయింది. ఊడబెరికిన జాలీలు ఒక పక్క, మట్టి కింద తీగ ఒక పక్క.

"ఏందమ్మా గిది?" అంది.

"నేను వద్దన్నానక్కా. ఎంత చెప్పినా వినలేదు."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఆమె నన్ను అనుమానించలేదు, నిలదీయలేదు. అబద్ధం దానంతటదే తయారుగా ఉంది.

"నా చెట్టు కోసం గాళ్లతోని లొల్లి పెట్టుకున్నవా టీచరమ్మా?"

తల ఊపాను.

"పోనీ తియ్యి. నీళ్లు గూడ గావాలె గద అందరికి." అంతే అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, మట్టిలో కూర్చుని గాజు ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చున్నాను. "నువ్వుండు, చేతులు కోస్కపోతయ్" అని నా చెయ్యి పక్కకు జరిపింది. వేలు చూపించిన చెయ్యే అది.

కుప్పలో వెతికి వెతికి పచ్చిగా ఉన్న ఒక్క కొమ్మ పట్టుకుంది. "మీ అరుగు పక్కకు పెడ్తనమ్మా. నీ అసొంటి మనిషి కండ్ల ముంగట ఉంటే నాకేం ఫికర్" అంది. ఆ కొమ్మ బతికింది. మస్తుగా పాకింది. నేను దాని కోసం పోట్లాడానన్న కథ చూసినవాళ్లందరికీ సుగుణక్క చెప్పింది, అలా దానికి నా పేరు పడింది. ఏరిన గాజు ముక్కలతో కొత్త గట్టు కట్టి, మా ఇల్లు వేరుగా కనపడకూడదని కంచెను మా వాకిలి దాకా పొడిగించింది. ఏటా మిగిలిన ఆకుపచ్చ రంగు మా గేటుకు వేస్తుంది. ఇవాళ మా ఇంటికొచ్చిన చుట్టాలు వాకిలి చూసి ముచ్చటపడితే, ఆ ముచ్చటంతా ఆమె చేతిది.

ఎందుకు చెప్పలేదు ఇన్నేళ్లు? ఆమె బాధపడుతుందని అనుకున్నాను. మా మధ్య మాటలు ఆగిపోతాయని భయపడ్డాను. ఇవి పైపై కారణాలు. నిజం వేరే ఉంది. చెట్టు కోసం పోట్లాడిన మనిషిగా ఉండడం నాకు నచ్చింది. అలాంటి మనిషి నాలో ఎన్నడూ లేదు గనక మరీ నచ్చింది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఈ పొద్దున ఎదురింటి కొత్త కోడలు పూల కోసం వచ్చింది. సుగుణక్క నిచ్చెన మీద నుంచి ఆ కథే చెబుతోంది. ఏళ్లు గడిచేకొద్దీ అదీ తీగలాగే పెరిగింది. "గడ్డపారకు అడ్డం నిలబడ్డది మా టీచరమ్మ." నేను కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాను. ఇక ఆగలేకపోయాను.

"నేను నిలబడలేదక్కా. అటు తవ్వమన్నది నేనే."

సుగుణక్క కిందకి చూసి నవ్వింది. "సూసినవా బిడ్డా, ఎప్పుడు గిట్లనే. చేసింది చెప్పుకోదు, తప్పంత మీదేసుకుంటది" అంది. ఆ పిల్ల నా వైపు ఎంత గౌరవంగా చూసిందో.

అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఇక్కడైనా ఎవరూ నవ్వి కొట్టిపారేయకుండా ఉంటారని. గడ్డపారకు ఎవరూ అడ్డం నిలబడలేదు. వాళ్లమ్మ జాజిని నా మెట్ల కోసం నేను తవ్వించాను. రాసేశాను. గుండె కొంచెం తేలికపడింది, అంతకుమించి ఏమీ జరగలేదు. బయట సుగుణక్క మా గేటుకు రెండో పూత వేస్తోంది.