చెప్పింది మరియమ్మ కాదు

ఒక మాటను ముప్పై ఏళ్ళకు పైగా గొంతులో పెట్టుకుని తిరిగాను. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరుతో మీకు పని లేదు. జాలి పడొద్దు. ఆ రోజు నేను రెండు పనులు చేశాను. లోకం తప్పన్న పనికి ఇప్పటికీ తల వంచను. ఎవరి కంటా పడని రెండో పని గురించే ఈ రాత.

ఎనభైల మధ్యలో గుంటూరులో ఒక ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో నర్సుని. కొత్త ఉద్యోగం. మార్చి నెలలో, నల్లపాడు అవతల పల్లె నుంచి కోటేశ్వరమ్మ అనే రైతు ఇల్లాలు కడుపునొప్పితో వచ్చి చేరింది. నలభై దాటలేదు. ఆపరేషన్ కోసం పొట్ట కోసి, లోపల చూసి, ఏమీ తీయకుండానే మళ్ళీ కుట్టేశారు. పెద్ద డాక్టరుగారు ఆమె భర్తను వరండాలోకి పిలిచి క్యాన్సర్ సంగతి చెప్పారు. ఆయన గోడకానుకుని కూలబడ్డాడు. తర్వాత లేచి వచ్చి, ఆమెకు మాత్రం చెప్పొద్దని మా అందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అడిగితే పుండు అని చెప్పమని మాకు ఆర్డరు.

అప్పట్లో అదే పద్ధతి. జబ్బు ఆడమనిషిది, కబురు మాత్రం మగవాళ్ళది. మంచం మీద ఉన్న మనిషికి తప్ప వార్డులో అందరికీ తెలుసు. దాన్ని దయ అనేవాళ్ళు. ఆయన ప్రేమ అబద్ధమని నేను అనను, ఆయన ఏడుపు నా కళ్ళతో చూశాను. కానీ ఒక మనిషికి మిగిలిన నాలుగు రోజుల సంగతి ఆ మనిషికే తెలియకుండా మేమంతా పంచుకుని, ఆమె ముందు నవ్వుతూ తిరగడం దయ ఎలా అవుతుంది? నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

ఆమెకు అనుమానం వచ్చింది కారం వల్ల. చేరిన రోజు నుంచీ చప్పిడి పథ్యం. మిరప పండించే ఇంటి మనిషి, పచ్చడి మెతుకు కోసం రోజూ బతిమాలేది. మేము రోజూ కసిరేవాళ్ళం. కుట్లు విప్పిన మర్నాడు పెద్ద డాక్టరుగారు, ఇక ఏం అడిగితే అది పెట్టండి అన్నారు. ఆసుపత్రిలో పనిచేసిన ఎవరికైనా ఆ మాట అర్థం తెలుసు. భర్త ఇంటి నుంచి గోంగూర పచ్చడి తెప్పించాడు. మధ్యాహ్నం ఆమె ముద్ద కలిపి, నోటిదాకా తీసుకెళ్ళి, ఆపి నన్ను పిలిచింది.

"సిస్టరమ్మా, మొన్నటిదాకా కారం పేరెత్తితే కసురుకున్నారు గదా. ఇయ్యాల అడక్కముందే పచ్చడి పెట్టిచ్చారేంది? మా ఆయనేమో మొహం తిప్పుకుని తిరగతన్నాడు. నిజం చెప్పు. తగ్గేదేనా ఇది?"

పుండు మానుతోంది అనాలి. అనలేదు. మేము రోగి మంచం మీద కూర్చోకూడదు. కూర్చున్నాను.

"తగ్గదక్కా."

"ఎన్నాళ్ళంట?"

"వానలు పడేదాకా కష్టమన్నారు."

ఆమె ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది.

"మరి ఇక్కడ పడుకోని ఏం చెయ్యాల? కల్లంలో కాయ ఎండతా ఉంది. ఇత్తనానికి కాయ ఏరేది నేనే. మా పిల్లకి ఇంకా చూపిచ్చలేదు."

అప్పుడు ఏడ్చింది. ఏడ్చినంతసేపూ నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పక్క మంచం దుప్పటి మారుస్తున్న ఆయా మరియమ్మ అంతా విన్నది. గుడ్డ తెర తెచ్చి, ఎవరూ చూడకుండా మా చుట్టూ నిలబెట్టి వెళ్ళిపోయింది.

ఇంతవరకూ నేను సిగ్గుపడేది ఏమీ లేదు. మళ్ళీ ఆ మంచం, ఆ ప్రశ్న ఎదురైతే మళ్ళీ అదే చెబుతాను.

సాయంత్రం కోటేశ్వరమ్మ భర్తతో, నాకంతా తెలుసు, ఇంటికి తీసుకుపొమ్మంది. ఆయన వార్డు అదిరేలా అరిచాడు. ఎవరు చెప్పారంటే ఆమె నోరు విప్పలేదు. ఎదురు మంచం మనిషి మాత్రం, మధ్యాహ్నం నిద్రలేచేసరికి ఆయా తెర పెడుతూ కనిపించిందని చెప్పింది. అంతే చాలింది వాళ్ళకి. మేట్రన్ గారు వచ్చి మరియమ్మను నిలబెట్టి, నువ్వేనా అని అడిగారు. మరియమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. నేను నాలుగడుగుల దూరంలో థర్మామీటరు విదిలిస్తున్నాను. పాదరసం ఎప్పుడో దిగిపోయింది. ఇంకా విదిలిస్తూనే ఉన్నాను.

ఆమె తల వంచుకుంది. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు.

నన్నెందుకు పట్టివ్వలేదు? నా మీద దయా? లేక నర్సు మాట ముందు ఆయా మాట ఎవరు నమ్ముతారని తెలిసా? రెండోదే అని నా నమ్మకం. మొదటిది అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది, అందుకే అనుకోను.

వానలు మొదలయ్యాక కోటేశ్వరమ్మ భర్త గుండుతో వచ్చాడు. ఆమె కల్లంలో మంచం వేయించుకుని, కూతురు చేత విత్తనం కాయ ఏరించిందట. అందరితో చెప్పుకోవాల్సినవి చెప్పుకుని పోయిందట. "ఆ ఆయమ్మ మంచే చేసిందండీ. నేనే నోరు జారాను. ఎక్కడుంటదో చెప్తే దణ్ణం పెట్టి వస్తా" అన్నాడు. నాకు తెలుసు ఎక్కడుందో, మా ఇద్దరిదీ ఒకే చర్చి. ఏ ఆసుపత్రిలోనూ పని దొరక్క, యాభై దాటిన వయసులో, మిర్చి గోదాములో ఆ ఘాటు మధ్య కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తెలియదండీ అన్నాను. చెబితే ఆమెను కలుస్తాడు, కలిస్తే నా సంగతి బయటపడుతుంది. మొదటిసారి భయం అనుకోండి. ఈ రెండోసారి నేను ఆలోచించుకుని చేశాను.

మరియమ్మ పోయి చాలా ఏళ్ళయింది. క్షమాపణ అడిగే దారి లేదు, ఉన్నా ఆమె క్షమించేదని నేను అనుకోను. మా చర్చిలో ఇప్పటికీ ఆమె మాట వస్తే, నోరాగక ఉద్యోగం పోగొట్టుకుంది అంటారు. ఆమె మనవరాలి ముందే అంటారు. ఇన్నేళ్ళూ వింటూ కూర్చున్నాను.

నన్ను ఏమైనా అనుకోండి. ఆ వార్డులో నోరు విప్పింది నేను, నోరు కట్టుకున్నది మరియమ్మ. నా వల్ల కట్టుకుంది, చచ్చేదాకా.