ఆకుపచ్చ ఫోను వేలం

వీధిలో అందరూ ఆవిడను ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. ఇరవై మూడేళ్ళు ఒక పెద్ద ఆసుపత్రి స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న మనిషి. ఏ డాక్టరు ఏ వేళకి ఎక్కడ దొరుకుతాడో, ఏ వార్డువాళ్ళు ఎన్నో గంటకి ఫోనెత్తుతారో ఆవిడకి కంఠతా వచ్చు. ఒకరోజు ఆసుపత్రివాళ్ళు ఆ బోర్డు పీకేసి, మనిషి అక్కర్లేని యంత్రం పెట్టారు. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే ఆ గొంతు విని ఆవిడ, "దీనికి జలుబు కూడా చెయ్యదు కాబోలు" అని నవ్వింది. చెత్తలో పడెయ్యబోతున్న పాత నల్ల ఫోను ఒకటి అడిగి తీసుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ ఫోను విప్పి, తుడిచి, బాగుచేసి, కూతురి సాయంతో ఆన్‌లైన్ వేలంలో పెడితే మూడో రోజుకల్లా ఎవరో కొనుక్కున్నారు. అదే ఆవిడ కొత్త ఉద్యోగమైంది. పాడైన ఫోన్లు వేలంలో పాడి కొనడం, బాగుచేయడం, మళ్ళీ వేలంలో పెట్టడం. ఐదేళ్ళలో మూడువందల పైచిలుకు ఫోన్లు ఆ చేతుల మీదుగా వెళ్ళాయి. లిఫ్టు మెకానిక్‌గా చేసి మానేసిన భర్త ప్యాకింగు చూసుకునేవాడు. ఆయన కట్టిన పెట్టెను మేడమీంచి విసిరినా లోపలి ఫోనుకి గీత పడదు. "కొన్నవాళ్ళు విప్పలేక మనల్ని తిట్టుకుంటారండీ" అనేదావిడ. కొన్నవాళ్ళు మాత్రం సైటులో ఒకటే మాట రాసేవాళ్ళు: చెప్పినదానికీ వచ్చినదానికీ తేడా లేదు. ఆ మాటంటే ఆవిడకి ప్రాణం.

ఆ ఐదో ఏట ఆవిడ ఒక పెట్టెడు ఫోన్లు కొన్నది. పనిచేయనివి, ఆరు. అమ్మినవాడు ఖాళీ చేసిన ఇళ్ళలో, షాపుల్లో మిగిలిన సామాను టోకున కొనే మనిషి. ఐదు మామూలు నల్లవి. ఆరోది ఆకుపచ్చది. ఆ రంగు ఫోను అన్నేళ్ళలో ఒక్కసారైనా ఆవిడ చేతికి రాలేదు. రెండు వారాలు దాని మీదే కూర్చుంది. తీగలు మార్చింది, డయల్ విప్పి నూనె వేసింది, లోపల సరిపడని ముక్కలుంటే తీసేసి అదే రకం ఫోనువి వేసింది. ఫొటోలు తీసి, రిసీవర్ పెట్టేచోట ఉన్న చిన్న కాలిన మచ్చను కూడా దాచకుండా చూపించి, ఏడు రోజుల వేలంలో పెట్టింది. ఆరో రోజుకి పాట ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆవిడ ఏ ఫోనుకీ అంత ఎరగదు.

ఆ సాయంత్రం ఒక మెసేజ్ వచ్చింది. "ఆ ఫోను మాది. వేలం వెంటనే ఆపండి. మీ అడ్రసు సైటులో ఉంది, రేపు వస్తున్నాను."

భర్త కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. "ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు? బెదిరించి వేలం ఆపించడం, తర్వాత వచ్చి చవగ్గా బేరమాడటం. పట్టించుకోకు."

పట్టించుకోకుండా ఉండటం ఆవిడవల్ల కాలేదు. కాని ఆ సైటుకి ఒక నియమం ఉంది. ముగింపుకి ఇరవై నాలుగు గంటల ముందు నుంచి అమ్మేవాళ్ళు సరుకు వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే ఖాతా మూసేస్తారు. ఐదేళ్ళ పేరు ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోతుంది. వేలం మర్నాడు సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది.

మర్నాడు పదింటికి తలుపు చప్పుడైంది. నలభై దాటిన మనిషి. కారు డ్రైవింగ్ నేర్పే స్కూలు చొక్కా వేసుకుని, గబగబా మెట్లెక్కినట్టు రొప్పుతున్నాడు.

"ఆకుపచ్చ ఫోను మీ దగ్గరే ఉందా?"

"ముందు కూర్చోండి" అందావిడ.

అతను కూర్చోలేదు. "అది మా నాన్నది మేడమ్. ఆయనకి గడియారాల షాపు ఉండేది. నలభై ఏళ్ళు ఆ ఫోను ఆయన బల్ల మీదే ఉంది. కళ్ళ ఆపరేషన్‌కని ఆసుపత్రిలో ఉంటే మా బావ షాపు ఖాళీ చేసి తాళాలిచ్చేశాడు. ఆపరేషన్ ఫలించలేదు. చూపు పోయింది. ఇంటికి రాగానే ఆయన అడిగింది ఆ ఫోను గురించే."

"అయితే మీ బావనడగాలి గాని మామీద పడతారేంటి?" అన్నాడు భర్త.

"రిసీవర్ పక్కన మచ్చ ఉంది చూడండి. చిన్నప్పుడు నేను కాల్చిందే."

"ఆ మచ్చ ఫొటోలోనే ఉందిగా. ఊరూ వాడా చూశారు."

అతని ముఖం కందిపోయింది. ఆపరేటరమ్మ కలగజేసుకుంది. "బాబూ, ఫొటోలో కనపడనిది ఒక్కటి చెప్పు. నమ్ముతాను."

అతను నేలవైపు చూస్తూ ఆలోచించాడు. తర్వాత ఒక్కసారిగా తలెత్తాడు. "గంట! షాపు నిండా గడియారాలే కదా. పన్నెండు కొట్టిందంటే అన్నీ కలిసి మోత. ఆ గోలలో ఫోను తెలియట్లేదని నాన్న లోపలి గంట ఒకటి తీసేసి, గోడ గడియారంలోది ఇత్తడి కప్పు బిగించాడు. ఇంకే ఫోనూ అలా మోగదు. మోగించి చూడండి, మీకే తెలుస్తుంది."

ఆవిడకి ఆ కప్పు గుర్తొచ్చింది.

ఫోను లోపల రెండు గంట కప్పులుంటాయి. ఆకుపచ్చదాన్ని విప్పిన రోజు ఒక కప్పు వేరుగా కనపడింది. ఇత్తడిది, కాస్త పెద్దది. ఎవరో తెలిసీ తెలియక చేసిన రిపేరు అనుకుని పీకేసి, పాత ముక్కల డబ్బాలో పడేసింది. దాని బదులు అసలైన కప్పే వేసింది. ఆ సంగతి ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. ఫోను బయట ఎలా ఉందో తెలుసుగాని లోపల ఏం మారిందో ప్యాకింగు చూసే భర్తకీ తెలియదు.

"ఓస్, అంతేనా? మోగిద్దాం" అంటూ ఆయన ఉత్సాహంగా లోపలికెళ్ళి ఫోను తెచ్చాడు. పరీక్షించే పెట్టెకి తీగ తగిలించి మీట నొక్కాడు.

ఫోను చక్కగా, శుభ్రంగా, అన్ని ఫోన్లలాగే మోగింది.

అతను చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. రెండోసారి మోగించమన్నాడు. భుజాలు కిందికి జారాయి. "ఇది కాదు" అన్నాడు నెమ్మదిగా. "నేనే పొరబడ్డట్టున్నాను. ఆ రంగు, ఆ మచ్చ చూసేసరికి... క్షమించండి."

భర్త మెత్తబడ్డాడు. "ఫరవాలేదు బాబూ. ఒకే రకానివి చాలా ఉంటాయి" అని తలుపు దాకా సాగనంపాడు.

ఆపరేటరమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. నోరు విప్పకపోతే ఏమీ లేదు. నాలుగింటికి వేలం ముగుస్తుంది, పెట్టె కట్టి పంపేస్తారు. తను దొంగతనం చేయలేదు, న్యాయంగా కొన్నది. ఇవన్నీ ఆవిడ మనసులో చకచకా నడిచాయి. చెప్పుల చప్పుడు ఒక్కో మెట్టూ దిగుతోంది. చివరి మెట్టు దాకా వెళ్ళింది.

"బాబూ, ఆగు!" ఆవిడ వరండాలోకి పరుగెత్తి కిందికి వంగి అరిచింది. "ఆ కప్పు నేనే తీసేశాను. ఫోను మీదే."

అతను మళ్ళీ పైకొచ్చేసరికి భర్త నెత్తిన చెయ్యిపెట్టుకుని కూర్చున్నాడు. "ఇత్తడి ముక్కా? బల్లకింద రేకు డబ్బాలోనా?"

"అవును. ఏమైంది?"

"శనివారమే డబ్బా మొత్తం పాత ఇనుం కొట్టువాడికి ఇచ్చేశానే."

ముగ్గురూ ఒకే ఆటోలో బయల్దేరారు. కొట్టు యజమాని ఇత్తడి మూటలు అప్పుడే వ్యాన్లోకి ఎక్కిస్తున్నాడు. మధ్యాహ్నానికల్లా కరిగించేచోటికి వెళ్ళిపోతాయట. "ఏ మూటో నాకెలా తెలుస్తుందమ్మా? విప్పితే మళ్ళీ కట్టేదెవరు?" అని విసుక్కున్నాడు.

"మా ఆయన కడతాడు. ఆయన కడితే మళ్ళీ ఎవరూ విప్పలేరు" అందావిడ అప్పటికే ఒక మూట ముడి లాగుతూ.

కుళాయిలు, తలుపు గడియలు, విరిగిన చెంబులు. మూడో మూటలో కప్పుల్లాంటివి గుప్పెడు దొరికాయి. అన్నీ మసిబారి ఒకేలా ఉన్నాయి. ఆవిడ ఒక్కోదాన్నీ వేలికి తగిలించుకుని పెన్నుతో కొట్టి వింది. ఒకటి బొంగురుగా పలికింది. ఒకటి పలకనేలేదు. ఐదోదాన్ని కొట్టగానే, ఆవిడవైపు వీపు తిప్పి నిలబడ్డ ఆ డ్రైవింగ్ మాస్టారు గిరుక్కున తిరిగాడు.

"అదే! అదేనక్కా!"

కప్పు దొరికిందిగాని ఫోను సంగతి తేలలేదు. ఇంటికి వచ్చేసరికి రెండున్నర. వేలం ఆపడానికి వీల్లేదు. ఆవిడ సైటువాళ్ళకి రాసింది. నియమం నియమమేనని జవాబొచ్చింది. "మీరూ పాడండి. గెలిస్తే మీ ఇంటికే వస్తుంది" అని చెప్పి అతని చేత ఖాతా తెరిపించింది.

గెలిస్తే తను ఆ ఫోనుకి పెట్టిన ఖరీదు మాత్రమే తీసుకుందామని ఆవిడ లోలోపల అనుకుంది. ఆ మాట పైకి అనలేదు. అంటే అతను భయం లేకుండా ఎంతకైనా పాడతాడు. అది మిగతావాళ్ళ కళ్ళల్లో కారం కొట్టడమే. చెప్పకపోతే అతను ఓడిపోవచ్చు. నాలుక చివరదాకా వచ్చిన మాటను ఎన్నిసార్లు మింగిందో ఆవిడకే తెలియదు.

మూడు యాభై అయ్యేసరికి ఇద్దరే మిగిలారు. అతనొకడు, ఊరూ పేరూ తెలియని ఇంకొకరు. అతను పెంచడం, అరనిమిషంలో అవతలివాళ్ళు దాటడం. అతని చొక్కా వీపంతా తడిసిపోయింది. ఒకసారి లేచి నిలబడి ఇంటికి ఫోన్ చేసి భార్యతో, "ఇంకొంచెం... ఇంకొంచెమే" అన్నాడు. భార్య ఏమందో, ఫోను పెట్టేసి చివరిసారిగా ఒక అంకె కొట్టాడు. ఇంక పన్నెండు సెకన్లున్నాయి. తెర మీద అతని పాటే పైన ఉంది. నాలుగు సెకన్లుండగా అంకె మారింది.

అంతే. వేలం ముగిసింది.

కాసేపటికి ఆపరేటరమ్మ గెలిచినవాళ్ళకి జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసింది. వదులుకోగలరా అని అడిగింది. పది నిమిషాల్లో జవాబు: "ఎప్పుడు పంపిస్తారు?"

"పంపాల్సిందే" అందావిడ కుర్చీలో వెనక్కి వాలి. తర్వాత ఇత్తడి కప్పు చేతిలోకి తీసుకుంది. "దీన్ని మాత్రం నేను వేలంలో పెట్టలేదు తమ్ముడూ. ఇది మీదే. ఆదివారం దాకా నాకు టైమివ్వు."

ఆకుపచ్చదానితో పాటు వచ్చిన నల్ల ఫోన్లలో మంచిది ఏరి, ఆ కప్పు దానికి అమర్చడానికి ఆవిడకి మూడు రోజులు పట్టింది. ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ ఆ ఫోను, పరీక్ష పెట్టె పట్టుకుని డ్రైవింగ్ మాస్టారి ఇంటికి వెళ్ళారు. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన కుర్చీలో గడియారాల పెద్దాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఫోను ఒళ్ళో పెట్టగానే వేళ్ళతో తడిమాడు. రిసీవర్ పక్కన మచ్చ ఉండాల్సినచోట వేలు ఆగింది.

"ఇది నాది కాదు."

కొడుకు ఏదో అనబోయాడు. ఆవిడ అడ్డుపడింది. "కాదండీ. మీది అమ్ముడుపోయింది. అమ్మింది నేనే."

పెద్దాయన డయల్ ఒకసారి తిప్పి వదిలి, అది వెనక్కి వచ్చేదాకా విన్నాడు.

"ఎంతకి పోయింది?" అని అడిగాడు చివరికి.

చెప్పింది.

"అంతేనా? నేనింకా ఎక్కువ పలుకుతుందనుకున్నాను" అని పెద్దాయన పెదవి విరిచాడు. కొడుకు ముఖంలో మొదటిసారి నవ్వు కనపడింది. "సరే, మోగించండి, విందాం."

ఆవిడ భర్త మీట నొక్కాడు. ఒకటి సన్నగా, ఒకటి లావుగా, గది నిండా మోగింది. పెద్దాయన తల పక్కకి వంచి విన్నాడు. ఆవిడ ఆయన ముఖాన్నే చూస్తోంది. ఆయన అడ్డంగా తలూపాడు.

"కప్పు మరీ బిగించేశావు తల్లీ. దానికి ఊపిరాడ్డం లేదు."

ఆపరేటరమ్మ నేలమీద చతికిలబడి ఫోను విప్పింది. స్క్రూడ్రైవర్ మరమీద పెట్టింది.

"ఎంత వదలమంటారు?"

"పావు తిప్పు. చాలు, చాలు. ఇంకొక్క పిసరు. ఊ, ఇప్పుడు మోగించు."