రెండు ఆటల్లోనూ లేని వాటా

పూండి ఊరి మేష్టారు పోయారు. చేపల బుట్టతో వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి అరుగు మీద జనం కనిపించారు. ఎవరినీ అడగకముందే నా కాళ్ళు ఆగిపోయాయి.

చాలా ఏళ్ళు ఆ ఇంటికి చేపలిచ్చాను. బేరమయ్యాక గుమ్మం పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగేదాన్ని. బడి నుంచి రిటైరయ్యాక ఆయన కంప్యూటర్లో రెండు ఆటలు ఆడేవారు. రెండూ పూర్వపు రాజుల ఆటలే. ఆడేవాడే రాజు. రాజు చస్తే కొడుకుగా ఆడాలి. కొడుకు లేకపోతే ఆట అయిపోయినట్టే. మీరు నవ్వుతారేమో గానీ, తెర మీద రాకుమారుడికి జబ్బు చేస్తే నాకు ఆ పూట ముద్ద దిగేది కాదు.

"నిన్నటి పిల్లోడికి జొరం తగ్గిందా బాబూ?"

"తగ్గింది అప్పా. నువ్వు ముందు నీళ్ళు తాగు." మా వైపు అక్కని అప్పా అంటాం, ఆయన నన్నలాగే పిలిచేవారు.

ఒక ఆటలో రాజ్యమంతా పెద్దకొడుకుదే. రెండోదాంట్లో కొడుకులందరికీ పంచుతారు. ఏది మేలో ఆయన నోటు పుస్తకంలో రాసుకునేవారు. మొదటిదాంట్లో తమ్ముళ్ళు తిరగబడతారు. రెండోదాంట్లో ముక్కలైన రాజ్యాన్ని పక్కవాడు మింగుతాడు. "ఎలా ఆడినా మూడో తరం దాటదు" అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

మా ఆయన పోయాక మా ఇంట్లోనూ అదే జరిగింది. ఇద్దరు కొడుకులు, ఒక్క పడవ. పెద్దవాడు పడవ నాదే అన్నాడు. చిన్నవాడు కత్తి పట్టుకుని వల దగ్గర కూర్చున్నాడు, సగం కోసి పట్టుకుపోతానని. నేను పూండి పరిగెత్తాను.

"ఏటి సెయ్యమంటారు బాబూ? పెద్దోడికిత్తే సిన్నోడు సంపేత్తాడు. పంచాలంటే పడవని సీల్సాలి!"

ఆయన ఆట ఆపేశారు. "పడ్డ చేప ఎలా పంచుకుంటారు మీరు?"

"మనిసికో వాటా, వలకో వాటా, పడవకో వాటా."

"పడవ వాటా ఎవరు తింటారు?"

"ఎవులూ తినరు. పడవ బాగుకే పోద్ది, తారుకీ, తాడుకీ, సెక్కకీ."

ఆయన నోటు పుస్తకం తెరిచి చూశారు. "ఈ రెండాటల్లోనూ రాజ్యానికంటూ వాటా లేదు అప్పా. పడవ ఎవడిదీ కాదని చెప్పు. ఇద్దరికీ మనిషి వాటాలే. నేనన్నానని చెప్పు."

ఇద్దరూ ఆయన దగ్గర చదివినవాళ్ళే. ఒప్పుకున్నారు గానీ, ఒకరితో ఒకరికి మాటల్లేవు.

అలా మాటల్లేకుండానే ఒకే పడవలో వేటకు పోయిన రోజు నేను ఒడ్డునే నిలబడ్డాను. నీళ్ళ మీద కలబడితే? ఎవరు విడదీస్తారు? ఇంతలో ఒడ్డున ఆటో ఆగి మేష్టారు దిగారు. "ఇంట్లో ఉండలేకపోయాను" అన్నారు. అందరి పడవలూ వచ్చాయి. మాది రాలేదు. ఎండ నెత్తికెక్కాక కనిపించింది. రెండు తలలూ ఉన్నాయి.

ఇప్పటికీ అదే పడవ. ఆయన పోయిన కబురు తెలిశాక ఇద్దరూ వేటకు పోకుండా దాన్ని ఒడ్డునే ఉంచేశారు. నా కళ్ళకి మాత్రం ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. పడవ తిరిగొచ్చిన ఆ రోజులాగే పంట్లాం మోకాళ్ళకి మడిచి, ఇద్దరి మధ్యా పడవకి భుజం ఆనించి.

"మేష్టారూ, ఎడం పక్క ఎత్తమని మా అన్నకి సెప్పండి!"

"ఎడం పక్క ఎత్తమంటున్నాడురా."

"ఇనపడింది. ఆడ్ని తొయ్యమనండి!"

"నిన్ను తొయ్యమంటున్నాడురా."

అల వచ్చి ముగ్గురినీ నడుం దాకా తడిపింది. పడవ ఇసుక మీదికి జానెడు జరిగింది.